క్రిమినల్ కేసు కాగితం చేతికొస్తే: ఎఫ్ఐఆర్ నుంచి అప్పీలు దాకా పదాలను వరుసగా అర్థం చేసుకునే పద్ధతి

"ఎఫ్ఐఆర్‌లో ఏ3 అని నా పేరుంది, జైలుకు పంపుతారా?" "నాన్ బెయిలబుల్ సెక్షన్ పెట్టారు కాబట్టి ఇక బెయిల్ రాదంటున్నారు, నిజమేనా?" "35(3) నోటీసు వచ్చింది, స్టేషన్‌కు వెళ్తే పట్టుకుంటారేమో?" నల్లగొండ, పాలమూరు వైపు పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. కాగితం మీది మాటను చట్టం ఒకలా వాడుతుంది, ఊళ్లో మరోలా చెప్పుకుంటారు, భయమంతా ఆ తేడా నుంచే పుడుతుంది.

కాబట్టి ఇక్కడ పదాలను నిఘంటువులో ఉన్నట్టు కాక, కాగితాలు ఇంటికి వచ్చే వరుసలోనే వివరిస్తాను. పట్టు కోసం ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో పక్కపక్క పొలాల రైతులిద్దరికి గట్టు తగాదా వచ్చింది. ఒకాయన దారికి అడ్డం నిలిచి, పిడికిలితో గుద్ది, చంపుతానని బెదిరించాడు. రెండో ఆయనకు పన్ను విరిగింది. అదే వారం ఆయన బోరు మోటారు కేబులును ఎవరో కోసుకుపోయారు.

## 1. చదవడానికి ముందు సిద్ధం చేసుకోవలసినవి

కేసు ఎవరిదైనా, మీరు ఫిర్యాదు చేసినవారైనా, మీపైనే కేసు పడినా, ముందు ఈ పనులు పూర్తి చేయండి.

- వచ్చిన ప్రతి కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి, అసలు కాగితాలను తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి.
- ఒక తెల్లకాగితంపై సంఘటన తేదీ, సమయం, స్థలం విడిగా రాసుకోండి. ఎఫ్ఐఆర్ తేదీ వేరు, సంఘటన తేదీ వేరు.
- పోలీస్ స్టేషన్ పేరు, క్రైం నంబరు, సెక్షన్లు, దర్యాప్తు అధికారి హోదా రాసుకోండి.
- కేసు కోర్టుకు చేరి ఉంటే సి.సి. నంబరు (మేజిస్ట్రేటు కోర్టు కేసు సంఖ్య) లేదా ఎస్.సి. నంబరు (సెషన్స్ కోర్టు కేసు సంఖ్య), పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరు రాసుకోండి. ఈ సి.ఎన్.ఆర్. నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో తర్వాతి వాయిదా తేదీ చూసుకోవచ్చు.

క్రైం నంబరు స్టేషన్ ఇచ్చేది, ఏటా జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. సి.సి. నంబరు కోర్టు ఇచ్చేది. స్టేషన్ నంబరు పట్టుకుని కోర్టు గుమాస్తాను అడిగితే జవాబు దొరక్కపోవడానికి కారణం ఇదే.

## 2. ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

2024 జూలై 1 నుంచి మూడు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), సీఆర్పీసీ (నేర విచారణ ప్రక్రియా స్మృతి) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం (బీఎస్ఏ) వచ్చాయి. ఏది నేరమో, దానికి శిక్ష ఎంతో మొదటిది చెబుతుంది. పోలీసులు, కోర్టులు ఏ పద్ధతిలో నడవాలో రెండోది, దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలో మూడోది చెబుతాయి.

నేరం 2024 జూలై 1కి ముందు జరిగి ఉంటే, ఫిర్యాదు తర్వాత ఇచ్చినా సరే, నేరానికి వర్తించేది పాత ఐపీసీయే. సంఘటన తేదీని విడిగా రాసుకోమన్నది ఇందుకే.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం అంకెల దగ్గరే పుడుతోంది. ఒకే అంకె పాత చట్టంలో ఒకటి, కొత్త చట్టంలో మరొకటి.

- పాత సీఆర్పీసీ 173 అంటే చార్జిషీటు (దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే అభియోగపత్రం). కొత్త బీఎన్ఎస్ఎస్ 173 అంటే ఎఫ్ఐఆర్ (నేరంపై అందిన మొదటి సమాచారాన్ని స్టేషన్‌లో నమోదు చేసే కాగితం).
- పాత సీఆర్పీసీ 482 కింద హైకోర్టులో కేసు కొట్టివేయమని అడిగేవారు. కొత్త బీఎన్ఎస్ఎస్ 482 ముందస్తు బెయిలుకు సంబంధించినది. కొట్టివేతకు ఇప్పుడు 528 చూడాలి.
- పాత ఐపీసీ 307 హత్యాయత్నం. అది బీఎన్ఎస్‌లో 109. కొత్త 307 దొంగతనానికి సంబంధించిన సెక్షన్.
- పాత 302 హత్యకు శిక్ష చెప్పేది, ఇప్పుడు అది 103. పాత 420 మోసం, ఇప్పుడు 318(4). బీఎన్ఎస్‌లో మొత్తం సెక్షన్లే 358, కాబట్టి అందులో 420 అనే అంకె లేనే లేదు.

సెక్షన్ అంకె పక్కన చట్టం పేరు లేకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. యూట్యూబులో పాత వీడియోలు చూసి బెంబేలెత్తేవారిలో చాలామంది ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే సగం ఆందోళన తప్పేది.

## 3. మనుషులకు వాడే మాటలు

ఫిర్యాది అంటే సమాచారం ఇచ్చిన వ్యక్తి. నష్టపోయిన వ్యక్తి బాధితుడు. ఇద్దరూ ఒకరే కానవసరం లేదు; తండ్రికి దెబ్బ తగిలితే కొడుకు ఫిర్యాది కావచ్చు.

నిందితుడు, మన కోర్టుల వాడుకలో ముద్దాయి, అంటే ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు మాత్రమే. కోర్టు తీర్పు వెలువడ్డాకే ఎవరైనా దోషి అవుతారు. ఏ1, ఏ2, ఏ3 అనేవి నిందితుల వరుస సంఖ్యలు. ఏ1 ఎక్కువ దోషి, ఏ3 తక్కువ దోషి అని చట్టంలో ఎక్కడా లేదు.

చార్జిషీటులో ఎల్.డబ్ల్యు. అని ఉంటే జాబితాలో చేర్చిన సాక్షి. అదే సాక్షి కోర్టులో సాక్ష్యం చెప్పాక పి.డబ్ల్యు. అవుతాడు. ఎగ్జిబిట్ పి-1 వంటివి ప్రాసిక్యూషన్ (కోర్టులో కేసు నడిపే ప్రభుత్వ పక్షం) తరఫు పత్రాలు, ఎం.ఓ. అంటే కోర్టులో చూపిన వస్తువు.

## 4. ప్రతి సెక్షన్‌ను మూడు ప్రశ్నలు అడగండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగాన్నే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. బీఎన్ఎస్ఎస్ చివర మొదటి షెడ్యూల్ అనే పట్టిక ఉంటుంది. ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి నేరం ఎదురుగా శిక్షతో పాటు మూడు సంగతులు రాసి ఉంటాయి.

మొదటి ప్రశ్న: కాగ్నిజబులా, నాన్ కాగ్నిజబులా? కాగ్నిజబుల్ నేరంలో పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే కేసు నమోదు చేసి దర్యాప్తు మొదలుపెట్టవచ్చు, వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారమూ ఉంటుంది. నాన్ కాగ్నిజబుల్ అయితే వివరం నమోదు చేసుకుని ఫిర్యాదిని మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి, మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు చేయకూడదు. ఒకే కేసులో రెండు రకాల నేరాలూ ఉంటే, ఒక్కటి కాగ్నిజబుల్ అయినా చాలు, మొత్తం కేసును కాగ్నిజబుల్ గానే చూస్తారు.

రెండో ప్రశ్న: బెయిలబులా, నాన్ బెయిలబులా? బెయిలబుల్ నేరంలో బెయిల్ నిందితుడి హక్కు, పూచీకత్తు ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. దీన్నే స్టేషన్ బెయిల్ అంటారు. నాన్ బెయిలబుల్ అంటే బెయిల్ రాదని కాదు. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ మీద ఆధారపడి ఉంటుందని మాత్రమే అర్థం.

మూడో ప్రశ్న: ఏ కోర్టు విచారించాలి? మేజిస్ట్రేటు కోర్టా, సెషన్స్ కోర్టా అన్నది పట్టిక చివరి గడిలో ఉంటుంది.

మన ఉదాహరణలోని సెక్షన్లకు ఈ ప్రశ్నలు వేసి చూడండి. అన్నీ బీఎన్ఎస్ సెక్షన్లే.

- 126(2), దారికి అడ్డం నిలవడం: నెల వరకు జైలు, కాగ్నిజబుల్, బెయిలబుల్.
- 115(2), మామూలు గాయం: ఏడాది వరకు జైలు, నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్.
- 117(2), తీవ్ర గాయం: 7 ఏళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్, బెయిలబుల్.
- 303(2), దొంగతనం: 3 ఏళ్ల వరకు జైలు, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్.

ఏడేళ్ల శిక్ష ఉన్న నేరం బెయిలబుల్, మూడేళ్ల శిక్ష ఉన్నది నాన్ బెయిలబుల్! శిక్ష పెద్దదైతే బెయిల్ రాదన్న లెక్క తప్పని దీన్నిబట్టే తెలుస్తుంది. పట్టిక చూడకుండా ఊహించకండి.

చిన్న దొంగతనాలకు మరో నిబంధన ఉంది. పోయిన సొత్తు విలువ 5000 రూపాయలకు తక్కువై, దొంగకు అది మొదటి శిక్షే అయి, సొత్తును లేదా విలువను తిరిగి ఇస్తే శిక్ష సమాజ సేవ మాత్రమే. ఆ రకం కేసు నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ కోవలోకి వెళ్తుంది. అందుకే మోటారు కేబులు పోయినప్పుడు ఎన్ని మీటర్లో, కొన్న బిల్లు ఎంతో దరఖాస్తులోనే రాయాలి.

## 5. దరఖాస్తు ఇచ్చి ఎఫ్ఐఆర్ చేయించుకోవడం

దరఖాస్తులో సెక్షన్లు రాయనవసరం లేదు, అది పోలీసుల పని. జరిగింది జరిగినట్టు వరుసగా రాయాలి.

- ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, ఏ మాటలతో బెదిరించారు
- గాయం శరీరంలో ఎక్కడ, ఏ ఆసుపత్రిలో చూపించారు
- పోయిన వస్తువు, దాని విలువ
- కళ్లారా చూసినవారి పేర్లు
- ఆలస్యమైతే అందుకు కారణం

పొరపాట్లలో పెద్దది, కోపంలో ఎదుటి ఇంటివాళ్లందరి పేర్లూ చేర్చడం. సంఘటన దగ్గర లేని వదినగారినో పట్నంలో చదువుకునే పిల్లవాడినో నిందితుల్లో చేర్చితే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి వకీలు ప్రశ్నించేటప్పుడు) మొదట కూలేది మీ నమ్మకమే. పైగా తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం బీఎన్ఎస్ 217 కింద, తప్పుడు కేసు పెట్టడం 248 కింద నేరాలు.

కాగ్నిజబుల్ నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని బీఎన్ఎస్ఎస్ 173 చెబుతుంది. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నది అడ్డంకి కాదు. పరిధి కాని చోట నమోదు చేసేదే జీరో ఎఫ్ఐఆర్, తర్వాత దాన్ని అసలు స్టేషన్‌కు బదిలీ చేస్తారు. పని కోసం ముంబై, పుణె వెళ్లివచ్చే పాలమూరు కూలీలు దీన్ని తెలుసుకోవాలి. అక్కడ దాడి జరిగి ఇంటికి వచ్చేసినా నారాయణపేటలోనో మక్తల్‌లోనో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో సమాచారం పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి.

ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి. మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల లోపు శిక్ష ఉండే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపి, ఆ తర్వాత నమోదు చేసే వీలు పోలీసులకు ఉంది.

నమోదు చేయనంటే చేయవలసినవి, ఇదే వరుసలో:

1. దరఖాస్తు అందినట్టు రసీదు అడగండి.
2. అదే దరఖాస్తును జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి, పోస్టు రసీదు దాచుకోండి.
3. అప్పటికీ కదలిక లేకపోతే లాయరు ద్వారా, ప్రమాణపత్రం జతచేసి మేజిస్ట్రేటుకు బీఎన్ఎస్ఎస్ 175(3) కింద పిటిషన్ వేయండి.

రెండో మెట్టు దాటకుండా నేరుగా మూడోదానికి వెళ్తే పిటిషన్ వెనక్కి వస్తుంది.

మీరు కేసు పెట్టగానే అవతలివారూ మీపై పెట్టవచ్చు. దీన్ని కౌంటర్ కేసు అంటారు. గట్టు తగాదాల్లో ఇది మామూలే. కౌంటర్ పడినంత మాత్రాన మీ కేసు పోదు, రెండింటినీ విడివిడిగా దర్యాప్తు చేస్తారు.

## 6. గాయం, పంచనామా, వాంగ్మూలం

గాయమైతే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, దెబ్బ ఎలా తగిలిందో డాక్టరుకు చెప్పాలి. వారు మెడికో లీగల్ కేసుగా రాసుకుంటారు. తర్వాత పోలీసులకు చేరే గాయాల ధ్రువపత్రాన్నే వూండ్ సర్టిఫికెట్ అంటారు.

ఆ ఒక్క కాగితం కేసు స్వరూపాన్నే మార్చగలదు. ఎముక లేదా పన్ను విరిగినా, తొలగినా, లేదా 15 రోజులు తీవ్ర నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా బీఎన్ఎస్ 116 దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది. మన రైతు విషయంలో మొదట 115(2)తో నమోదైన కేసు, పన్ను విరిగిందని డాక్టరు తేల్చాక 117(2)కు మారుతుంది. ఆ మార్పును పోలీసులు సెక్షన్ ఆల్టరేషన్ మెమో ద్వారా కోర్టుకు తెలుపుతారు. ఎఫ్ఐఆర్‌లో చిన్న సెక్షన్ పెట్టారని మొదటి రోజే నిరాశ పడనవసరం లేదు.

పంచనామా అంటే సంఘటన స్థలాన్ని చూసినప్పుడు, లేదా వస్తువులను స్వాధీనం చేసుకున్నప్పుడు పంచుల (పోలీసులు పిలిచిన స్థానిక సాక్షుల) సమక్షంలో రాసే పత్రం. పంచుగా సంతకం చేసినవారిని కోర్టు సాక్షిగా పిలుస్తుంది. అందుకే పూర్తిగా చదివి, కళ్లతో చూసిందే అందులో ఉందని నిర్ధారించుకున్నాకే సంతకం చేయాలి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం చేయవద్దు.

సాక్షి పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం బీఎన్ఎస్ఎస్ 180 కిందిది (పాతది 161). దాని మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం 183 కిందిది (పాతది 164). దాని బరువు వేరు.

నిందితుడు పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడని పత్రికలో వచ్చినా, ఆ ఒప్పుకోలు కోర్టులో అతనికి వ్యతిరేకంగా చెల్లదు. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాటలు మాత్రమే పనికి వస్తాయి.

## 7. స్టేషన్ నుంచి నోటీసు వస్తే

మొదట చూడవలసింది నోటీసు పైన ఉన్న సెక్షన్ అంకె. రెండు రకాల నోటీసులు పైకి ఒకేలా ఉంటాయి, వాటి అర్థం మాత్రం పూర్తిగా వేరు.

బీఎన్ఎస్ఎస్ 179 నోటీసు (పాతది సీఆర్పీసీ 160) సాక్షిగా రమ్మని పిలిచేది. 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవారిని, ఆడవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వాళ్లు ఉండే చోటే విచారించాలి తప్ప స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు.

బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు (జనం ఇప్పటికీ పాత సీఆర్పీసీ అంకెతో 41 ఏ అనే అంటారు) మిమ్మల్ని నిందితుడిగా అనుమానిస్తూ పిలిచేది. ఇది చూసి భయపడి ఊరు వదిలి వెళ్లడం చాలామంది చేసే పని, అదే చేయకూడని పని. ఇప్పటికిప్పుడు అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు ఇచ్చే నోటీసు ఇది. చెప్పిన తేదీకి హాజరవుతున్నంత కాలం అరెస్టు చేయకూడదు, చేయాల్సి వస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది. ఏడేళ్ల వరకు శిక్ష ఉండే నేరాల్లో యాంత్రికంగా అరెస్టులు చేయరాదని సుప్రీంకోర్టు 2014లోనే స్పష్టం చేసింది.

ఈ నోటీసును వాట్సాప్‌లో పంపడం సరైన అందజేత కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాగని వాట్సాప్‌లో వచ్చినదాన్ని పట్టించుకోకుండా ఉండమని చెప్పను. లాయరుకు చూపించి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వడం మేలు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్టు చేశాం" అనేవాళ్లు మాత్రం దొంగలే, అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. వెంటనే ఫోను పెట్టేసి, డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి.

హాజరుకు వెళ్లేముందు:

- నోటీసు నకలు, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి.
- ఆ రోజు రాలేకపోతే కారణం, ఆధారం జతచేసి ముందే లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి.
- వెళ్లిన తేదీ, సమయం, కలిసిన అధికారి హోదా ఇంటికి రాగానే రాసుకోండి.

## 8. అరెస్టు, రిమాండ్, బెయిల్

అరెస్టు చేసేటప్పుడు కారణం చెప్పాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్లకో స్నేహితులకో తెలపాలి. విచారణ సమయంలో తనకు నచ్చిన లాయరును కలిసే హక్కు ఉంటుంది. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అసాధారణ పరిస్థితుల్లో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారి చేస్తే తప్ప, ఆడవారిని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు.

మేజిస్ట్రేటు నిర్బంధానికి పంపడమే రిమాండ్. జైలులో ఉంచితే జ్యుడీషియల్ కస్టడీ, విచారణకు పోలీసుల చేతికి అప్పగిస్తే పోలీస్ కస్టడీ. పోలీస్ కస్టడీ అంతా కలిపి 15 రోజులు మించకూడదు.

బెయిలులో తరచూ వినబడే రకాలు ఇవి. ముందస్తు బెయిల్ (బీఎన్ఎస్ఎస్ 482) అరెస్టుకు ముందే సెషన్స్ కోర్టులోనో హైకోర్టులోనో అడిగేది. రెగ్యులర్ బెయిల్ (బీఎన్ఎస్ఎస్ 480, 483) అరెస్టు తర్వాతది. లాయర్లు మాండేటరీ బెయిల్ అనేది మూడోది. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకు మించిన శిక్ష ఉండే నేరాల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే జైల్లో ఉన్న నిందితుడికి బెయిల్ హక్కు వస్తుంది. కానీ అది దానంతట అది రాదు. గడువు దాటగానే, చార్జిషీటు దాఖలయ్యేలోపే పిటిషన్ వేయాలి. ఒక్కరోజు నిర్లక్ష్యం చేసి ఈ హక్కును పోగొట్టుకునేవాళ్లు ఉంటారు కాబట్టి రిమాండ్ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

జమానతు ఇచ్చేవాళ్లు, అంటే షూరిటీలు, పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఆధార్ వంటివి తేవాలని కోర్టులు అడుగుతుంటాయి. ఏమేం కావాలో ముందురోజే లాయరును అడగాలి. జమానతు ఇవ్వడమంటే ఊరికే సంతకం కాదు, నిందితుడు వాయిదాకు రాకపోతే బాండులోని సొమ్ము కట్టాల్సింది ఆ మనిషే. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారంలోగా జమానతుదారులను తేలేనివారిని పేదవారిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ 478 చెబుతుంది.

## 9. దర్యాప్తు ముగిశాక

సాక్ష్యం ఉందనుకుంటే పోలీసులు చార్జిషీటు (బీఎన్ఎస్ఎస్ 193) వేస్తారు. లేదనుకుంటే కేసు మూసివేత నివేదిక ఇస్తారు. అందులో తప్పుడు కేసు, పొరపాటున నమోదైంది, సాక్ష్యం చాలలేదు, నిందితులు దొరకలేదు వంటి కారణాల్లో ఒకటి ఉంటుంది. ఫిర్యాదికి నోటీసు వస్తుంది. అభ్యంతరం ఉంటే మేజిస్ట్రేటు ముందు ప్రొటెస్ట్ పిటిషన్ వేయవచ్చు. నోటీసు తీసుకుని ఊరుకుంటే మీకు అభ్యంతరం లేదనే అనుకుంటారు.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదికి లేదా బాధితుడికి తెలపాలి.

## 10. కోర్టు హాల్లో

సెషన్స్ కోర్టు విచారించవలసిన కేసు కూడా మొదట మేజిస్ట్రేటు దగ్గర పి.ఆర్.సి. అనే ప్రాథమిక నంబరుతో మొదలై, అక్కడి నుంచి బదిలీ అయ్యాక ఎస్.సి. నంబరు పొందుతుంది. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు విడిగా జిల్లా కోర్టులు ఏర్పడ్డాయి. నాగర్‌కర్నూలు, వనపర్తి, సూర్యాపేట వైపువారు పాత కేసు ఏ కోర్టులో ఉందో వాయిదాకు ముందే చూసుకోవాలి.

సమన్లు అంటే రమ్మని పిలుపు, వారెంటు అంటే పట్టుకురమ్మని పోలీసులకు ఆదేశం. వాయిదాకు చెప్పకుండా మానేస్తే వచ్చేదే నాన్ బెయిలబుల్ వారెంటు. అది వచ్చిందని తెలియగానే దాక్కోకుండా లాయరుతో కోర్టుకు వెళ్లి వారెంటు రీకాల్ పిటిషన్ వేసుకోవాలి. రాలేని రోజున లాయరు ద్వారా ఆబ్సెంట్ పిటిషన్ వేయించుకుంటే ఈ తంటా ఉండదు.

అభియోగాలు ఖరారు చేయడానికి ముందే ఆధారాల్లేవని వదిలేస్తే డిశ్చార్జ్. విచారణ అంతా జరిగి నేరం రుజువు కాలేదంటే నిర్దోషిగా విడుదల. సొంత తరఫు వకీలు అడిగేది చీఫ్, ఎదుటి వకీలు అడిగేది క్రాస్. పోలీసులకు ఒకటి చెప్పి కోర్టులో మరొకటి చెప్పిన సాక్షిని హోస్టైల్‌గా (ఎదురుతిరిగిన సాక్షిగా) ప్రకటిస్తారు. సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దే. ఆ సందేహం మిగిలితే దాని లాభం నిందితుడికి దక్కుతుంది.

లాయరు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. ఆ సంస్థలు జిల్లా కోర్టుల ఆవరణల్లో పనిచేస్తాయి, సహాయవాణి 15100. ఆడవారు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

## 11. రాజీ, బైండోవర్

ఊరి పెద్దమనుషుల ముందు రాజీ కాగితం రాసుకుంటే కేసు దానంతట అది పోదు. బీఎన్ఎస్ఎస్ 359లోని పట్టిక చూడాలి. బీఎన్ఎస్ 115(2) వంటివాటిలో గాయపడిన వ్యక్తే రాజీపడవచ్చు. బీఎన్ఎస్ 117(2)కు కోర్టు అనుమతి కావాలి. ఆ పట్టికలో లేని నేరాలకు రాజీ కుదరదు, బీఎన్ఎస్ఎస్ 528 కింద హైకోర్టుకు వెళ్లాల్సిందే. లోక్ అదాలత్‌లో ముగించుకోవాలన్నా ముందు ఈ పట్టికే ఆధారం.

బైండోవర్ అంటే గొడవలు పడబోమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, సాధారణంగా తహసీల్దార్, ముందు బాండు రాసివ్వడం (బీఎన్ఎస్ఎస్ 126, పాతది సీఆర్పీసీ 107). ఏడాది మించకుండా ఉంటుంది. ఇది శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. బాండును ఉల్లంఘిస్తే మాత్రం ఆ సొమ్ము కట్టాల్సి వస్తుంది.

## 12. తీర్పు తర్వాత

జైలు శిక్ష పడితే తీర్పు నకలును నిందితుడికి అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలి. శిక్ష మూడేళ్లకు మించకపోతే, అప్పటికే బెయిలుపై ఉన్న వ్యక్తికి అప్పీలు వేసుకునే వరకు శిక్ష విధించిన కోర్టే బెయిల్ ఇవ్వగలదు. ఆ పిటిషన్‌ను లాయరు తీర్పు రోజే సిద్ధంగా ఉంచుకోవాలి.

మేజిస్ట్రేటు తీర్పుపై సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. సెషన్స్ కోర్టు విధించిన శిక్షపై హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజులు, మరణశిక్ష అయితే 30 రోజులే. నిందితుడు విడుదలైనా, తక్కువ నేరానికే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా బాధితుడికీ అప్పీలు హక్కు ఉంది. చాలామంది ఫిర్యాదిదారులకు ఈ సంగతి తెలియక గడువు దాటిపోతోంది.

సర్టిఫైడ్ కాపీ తయారవడానికి పట్టిన కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. ఆ మినహాయింపు దక్కాలంటే కాపీకి దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ రెండూ ఆ కాపీ మీదే స్టాంపుతో ఉండాలి. కాపీయింగ్ విభాగం కిటికీ దగ్గర నిలబడే, ఇంటికి కదలక ముందే, ఆ రెండు తేదీలూ ఉన్నాయో లేదో సరిచూసుకోండి.